పుచ్చుకున్నవాళ్ళ పేరు దాచిన సాయం

కరోనా గురించి మన గోడపత్రికలో ఇంతకుముందు కథలు, కవితలు వచ్చాయి. ఈ పాఠంలో నేను ఒకే ఒక్క ప్రశ్న తీసుకుంటున్నాను. సాయం అందాలంటే ముందు పేరు చెప్పుకోవాలి. పేరు చెప్పడమే ప్రమాదమైన మనుషులకు సాయం ఎలా అందించాలి?

ఈ ప్రశ్న 2020లో అమెరికాలో చాలా గట్టిగా ఎదురైంది. అక్కడ వలస అనుమతి పత్రాలు లేకుండా బతుకుతున్నవాళ్ళు కోటికి పైగా ఉంటారని అంచనా. మహమ్మారి వచ్చి పనులు ఆగిపోయినప్పుడు వీళ్ళకోసం ఊరూరా చందాలు పోగుచేసి చిన్న చిన్న సహాయనిధులు పెట్టారు. సోషియాలజీ పేపరు కోసం చదవడం మొదలుపెట్టాను గానీ, చదివేకొద్దీ ఇది తెలుగు విభాగంలోనూ చెప్పుకోవలసిన సంగతి అనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మొదట ఒక మాట సంగతి

మన పేపర్లలో వీళ్ళను ‘అక్రమ వలసదారులు’ అని రాస్తారు. ‘అక్రమ’ అనే మాటను మనం మామూలుగా దేనికి తగిలిస్తాం? అక్రమ కట్టడం, అక్రమ రవాణా, అక్రమ సంపాదన. అన్నీ పనులో, వస్తువులో. మనిషికి ఆ మాట తగిలిస్తే అతను చేసిన ఒక్క పని అతని మొత్తానికీ పేరైపోతుంది. పైగా అమెరికా చట్టంలోనే వీసా గడువు దాటి ఉండిపోవడం క్రిమినల్ నేరం కాదు, సివిల్ తప్పు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2013లోనే మనుషులకు ‘అక్రమ’ అనే మాట వాడడం మానుకుంది. వాళ్ళలో స్పానిష్ మాట్లాడేవాళ్ళు తమను ‘సిన్ పపేలెస్’ అని చెప్పుకుంటారు. దానికి సరైన తెలుగు మన నాలుక మీదే ఉంది: కాగితాలు లేనివాళ్ళు. ఈ పాఠమంతా నేను ఆ మాటే వాడుతున్నాను.

కాగితాలు లేకపోవడం అంటే సరిహద్దు దూకి రావడం ఒకటే కాదు. చదువుకోవడానికో పనికో వీసా మీద వచ్చి, గడువు దాటాక ఉండిపోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ లెక్కలో భారతీయులూ ఉన్నారు. అంచనాలు రెండు లక్షల నుంచి ఏడు లక్షల దాకా రకరకాలుగా ఉన్నాయి. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే పేరుతో అమెరికా ప్రభుత్వమే వలగా పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం కేసు బయటపడింది గుర్తుందా? అందులో పట్టుబడినవాళ్ళు దాదాపు అందరూ భారతీయులే, వాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామంది. నిన్నటిదాకా కాగితాలు ఉన్నవాళ్ళు తెల్లారేసరికి లేనివాళ్ళయ్యారు. కాబట్టి ఇది ఎక్కడో ఎవరి కథో అనుకోవడానికి లేదు.

రెండు నంబర్లు

ఇక అసలు విషయానికి వద్దాం. అమెరికాలో పౌరులకు, శాశ్వత నివాసులకు, పనిచేసే అనుమతి ఉన్నవాళ్ళకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటుంది. అది లేనివాళ్ళు కూడా ఆదాయపు పన్ను కట్టడానికి 1996లో ‘ఐటిన్’ అనే వేరే నంబరు పెట్టారు. కాగితాలు లేనివాళ్ళు చాలామంది ఈ నంబరు మీద ఏటేటా పన్ను కడతారు. కొనుగోలు పన్ను, అద్దెలో కలిసిపోయే ఇంటిపన్ను అందరితోపాటు ఎలాగూ కడతారు. రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు వీళ్ళు కట్టే పన్ను ఏటా సుమారు 1,170 కోట్ల డాలర్లని పన్నుల విధానాన్ని పరిశీలించే ఒక సంస్థ 2017లో లెక్క కట్టింది.

2020 మార్చి 27న అమెరికాలో ‘కేర్స్’ చట్టం వచ్చింది. పెద్దవాళ్ళకు తలకు 1,200 డాలర్లు, పిల్లలకు 500 డాలర్లు. అందులో ఒక షరతు: సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. భార్యాభర్తలు కలిపి పన్ను లెక్క దాఖలు చేస్తే ఇద్దరికీ ఉండాలి.

ఈ షరతు ఎక్కడ తగిలిందో ఒక లెక్క వేసి చూద్దాం. భార్య అమెరికా పౌరురాలు. ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టినవాళ్ళు, వాళ్ళూ పౌరులే. భర్తకు ఐటిన్ మాత్రమే ఉంది. అందరికీ నంబరు ఉంటే ఈ ఇంటికి 1,200 + 1,200 + 500 + 500, మొత్తం 3,400 డాలర్లు రావాలి. భర్త వాటా తీసేసినా 2,200 మిగలాలి. వచ్చింది ఎంత? సున్నా. ఒక్కరికి కాగితం లేదని నలుగురినీ పక్కన పెట్టారు (దంపతుల్లో ఒకరు సైన్యంలో ఉంటే తప్ప). ఇలా పౌరులు, శాశ్వత నివాసులు అయి ఉండి కూడా నష్టపోయిన భార్యలు, భర్తలు, పిల్లలు 51 లక్షలమంది అని వలసలపై పనిచేసే ఒక పరిశోధనా సంస్థ లెక్క తేల్చింది. అందులో 37 లక్షలమంది పిల్లలే. ఆ డిసెంబరులో వచ్చిన చట్టం దీన్ని కొంత సరిచేసింది. 2021 మార్చిలో వచ్చిన చట్టంతో, తల్లిదండ్రులిద్దరికీ నంబరు లేకపోయినా నంబరున్న పిల్లలకు డబ్బు వచ్చింది. కానీ ఆకలి డిసెంబరు దాకా, మార్చి దాకా ఆగదు కదా.

ఇంకో విడ్డూరం చూడండి. అదే మార్చిలో కేంద్ర ప్రభుత్వం పొలం పనివాళ్ళను ‘అత్యవసర కార్మికుల’ జాబితాలో చేర్చింది. అమెరికాలో కూరగాయలు, పళ్ళు కోసే కూలీల్లో సగానికి దగ్గరగా కాగితాలు లేనివాళ్ళే. లాక్‌డౌన్‌లో ఎవరైనా ఆపితే చూపించమని యజమానులు వాళ్ళకు ఉత్తరాలు రాసిచ్చారు. ‘దేశానికి తిండి పెట్టే పనిలో ఉన్నారు, వీళ్ళను వెళ్ళనివ్వండి’ అనేది దాని సారాంశం. అంటే పనికి వెళ్ళడానికి కాగితం దొరికింది. ఆ పని పోతే అన్నం తినడానికి కాగితం దొరకలేదు.

అడగడానికి భయం

‘అడగందే అమ్మైనా అన్నం పెట్టదు’ అంటాం. వీళ్ళకు అడగడమే కష్టమైంది. 2020 ఫిబ్రవరి 24 నుంచి అక్కడ ‘పబ్లిక్ ఛార్జ్’ అనే నిబంధనను విస్తరించి అమల్లో పెట్టారు. ప్రభుత్వ సహాయం మీద ఆధారపడేవాళ్ళని తేలితే శాశ్వత నివాసం ఇవ్వకుండా నిరాకరించవచ్చు. కాగితాలు లేనివాళ్ళకు ఆ ప్రభుత్వ పథకాల్లో చాలావరకు ఎలాగూ అర్హత లేదు. కానీ నిబంధన ఎక్కడిదాకా వర్తిస్తుందో మామూలు మనిషికి ఏం తెలుసు? పౌరులైన తమ పిల్లలకు వచ్చే ఆహార సహాయాన్ని కూడా కొందరు తల్లులు వదులుకున్నారు. కరోనా పరీక్ష, వైద్యం ఈ లెక్కలోకి రావని ప్రభుత్వం ప్రకటించినా భయం పోలేదు. 2021 మార్చిలో ఆ నిబంధనను తీసేశారు. అప్పటికే ఏడాది గడిచిపోయింది.

ఇది ఉత్తుత్తి భయం అనుకునేవాళ్ళ కోసం తరవాతి కాలం నుంచి ఒక సంగతి చెబుతాను. ఐటిన్ ఇచ్చేటప్పుడు ‘మీ పన్ను వివరాలు రహస్యంగా ఉంటాయి’ అన్న భరోసా ఉండేది. ఆ నమ్మకం మీదే పాతికేళ్ళకు పైగా వీళ్ళు పన్ను కట్టారు. 2025 ఏప్రిల్‌లో పన్నుల శాఖ ఆ వివరాలను వలసల అమలు శాఖకు ఇచ్చేందుకు ఒప్పందం చేసుకుంది. దాని మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. అయినా పాఠం మాత్రం స్పష్టం: ఒక పనికోసం ఇచ్చిన పేరు ఇంకో పనికి వాడబడుతుంది. ఒకచోట పోగైన జాబితా ఎప్పటికీ ఒకరి చేతిలోనే ఉండిపోదు.

నిధులు ఎక్కడ పుట్టాయి

ఈ నిధులు కరోనాతో మొదలు కాలేదు. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో పెద్ద కార్చిచ్చు రేగి వేల ఇళ్ళు కాలిపోయాయి. కేంద్ర విపత్తు సహాయం కాగితాలు లేనివాళ్ళకు రాదు. అప్పుడు అక్కడి కూలీల సంఘాలు, స్థానిక సంఘాలు కలిసి ‘అన్‌డాక్యుఫండ్’ అని ఒక నిధి పెట్టాయి. అదే డిసెంబరులో దక్షిణాన వెంచురా, శాంటా బార్బరా ప్రాంతాల్లో థామస్ కార్చిచ్చు వచ్చింది. అక్కడ ‘805 అన్‌డాక్యుఫండ్’ పుట్టింది. 805 అనేది ఆ ప్రాంతపు ఫోను కోడ్. కరోనా వచ్చేసరికి ఈ నిధులకు మనుషులున్నారు, అనుభవం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా జనం నమ్మకం ఉంది. తలుపు మళ్ళీ తెరిస్తే చాలు.

ఇలాంటి నిధి పనిచేసే తీరు సామాన్యంగా ఇలా ఉంటుంది:

1. డబ్బు రావడం. లెక్కాపత్రం చూసే ఒక నమోదైన సంస్థ పేరు మీద చందాలు వస్తాయి. పెద్ద దాతృత్వ సంస్థలూ ఇస్తాయి, పక్కింటివాళ్ళూ ఇస్తారు. తమకు వచ్చిన 1,200 డాలర్ల ప్రభుత్వ చెక్కును రానివాళ్ళకోసం ఇచ్చేసినవాళ్ళూ ఉన్నారు.

2. మనిషిని గుర్తించడం. పాస్‌పోర్టు, నంబరు అడగరు. ఆ ఊళ్ళో ఉంటున్నారని తెలిపే ఏదో ఒక కాగితం, పని పోయిన వివరం చాలు. మాట్లాడేది ఆ ఊరి మనిషే, ఎన్నాళ్ళనుంచో తెలిసిన సంఘం మనిషే.

3. డబ్బు ఇవ్వడం. బ్యాంకు ఖాతా లేనివాళ్ళు చాలామంది. అందుకని చెక్కు గానీ ముందే డబ్బు నింపిన కార్డు గానీ ఇస్తారు. దేనికి ఖర్చు పెట్టారో లెక్క అడగరు. అద్దె ముందా, పాలడబ్బా ముందా అనేది ఆ ఇంటి ఇల్లాలికే బాగా తెలుసు.

4. పేరు దాచడం. నా దృష్టిలో అసలు విద్య ఇదే. దాతలకు ‘ఇన్ని కుటుంబాలకు ఇంత ఇచ్చాం’ అనే లెక్క చూపిస్తారు, పేర్లు చూపించరు.

మన సంప్రదాయంలో గుప్తదానం అని ఒకటుంది. ఇచ్చినవాళ్ళ పేరు బయటికి రాకూడదు. హుండీలో డబ్బు వేసి పేరు చెప్పకుండా వెళ్ళిపోతారు. ఇక్కడ అది తలకిందులైంది. ఇచ్చినవాళ్ళ పేర్లు బయట ఉండొచ్చు, పుచ్చుకున్నవాళ్ళ పేరు మాత్రం గుప్తంగా ఉండాలి. మొదటిది ఇచ్చేవాళ్ళ అహంకారం పెరగకుండా. రెండోది పుచ్చుకునేవాళ్ళ బతుకు చెదరకుండా.

భాష దగ్గర ఆగిన సాయం

వెంచురా ప్రాంతంలో ఆక్స్‌నార్డ్ అనే ఊరుంది. స్ట్రాబెరీ తోటలకు పేరు. అక్కడి కూలీల్లో చాలామంది దక్షిణ మెక్సికో నుంచి వచ్చిన మిష్టెకో జాతివాళ్ళు. మెక్సికో అంటే స్పానిషే అనుకుంటాం. మిష్టెకో స్పానిష్‌కు యాస కాదు, పూర్తిగా వేరే భాష. ఒక్కో ఊరికి ఒక్కో రూపంలో ఉంటుంది. చాలామందికి దాన్ని రాయడం చదవడం తెలియదు, మాట్లాడడమే తెలుసు. థామస్ కార్చిచ్చు అప్పుడు హెచ్చరికలు ఇంగ్లీషులో వచ్చాయి, స్పానిష్ ఆలస్యంగా వచ్చింది. వెంచురా, సోనోమా లాంటి ప్రాంతాలు హెచ్చరికలు సరిగా అందించలేదని 2019 డిసెంబరులో రాష్ట్ర ఆడిటరు నివేదికే తప్పుపట్టింది.

805 నిధి నడిపే సంఘాల్లో ‘మీకోప్’ అనే మిష్టెకో సంఘం ఒకటి. వాళ్ళకు ‘రేడియో ఇండిహెనా’ అనే సొంత రేడియో కూడా ఉంది. చదవడం రానివాళ్ళకు దరఖాస్తు ఫారం ఏ భాషలో అచ్చేసినా ఒకటే. వాళ్ళ భాషలో ఒక గొంతు కావాలి. ఆ గొంతు రేడియోలో, ఫోనులో దొరికింది.

ఈ సంగతి మనకు వేరే విడమర్చి చెప్పాలా? తమిళనాట తరతరాలుగా ఉంటున్న మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమంది, చదివేవాళ్ళు ఎంతమంది? మా నాయనమ్మకు తెలుగు నోటికే వచ్చు. తెలుగులో నోటీసు ఇస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెడుతుంది. ఎదురుగా కూర్చుని తెలుగులో అడిగితే మాత్రం అన్నీ వివరంగా చెబుతుంది. ఒక భాషను ‘గుర్తించాం’ అనడానికి, ఆ భాష మాట్లాడే మనిషి దాకా చేరడానికి మధ్య ఎంత దూరముందో మనలాంటి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు తెలుసు.

ప్రభుత్వాలు చెయ్యి కలిపినప్పుడు

చందాలతో నడిచే నిధికి ఒక హద్దు ఉంటుంది. అందుకే రాష్ట్రాల వైపు చూశారు. 2020 ఏప్రిల్ 15న కాలిఫోర్నియా 7.5 కోట్ల డాలర్లు ప్రకటించింది. దాతృత్వ సంస్థలు మరో 5 కోట్లు పోగు చెయ్యడానికి పూనుకున్నాయి. ప్రభుత్వ సొమ్ములో ఒక్కొక్కరికి 500, ఇంటికి 1,000 మించకుండా, లక్షా 50 వేలమందికి ఇవ్వాలని పథకం. ఇక్కడ గమనించవలసింది పంచిన తీరు. రాష్ట్రం తానుగా దరఖాస్తులు తీసుకోలేదు. 12 స్వచ్ఛంద సంస్థలకు అప్పగించింది. వయసు, మాట్లాడే భాష లాంటి సాధారణ వివరాలే ప్రభుత్వానికి వెళతాయి, పేరు చిరునామా వెళ్ళవు అని ముందే చెప్పింది. అంటే ఊళ్ళ నిధులు నేర్పిన విద్యను ప్రభుత్వం నేర్చుకుంది. పన్నుల డబ్బు ఇలా ఇవ్వకూడదని కొందరు కోర్టుకు వెళ్ళారు. కోర్టులు ఆపలేదు.

మే 18న ఫోన్లు తెరిస్తే మొదటి రోజే లైన్లన్నీ కిక్కిరిసిపోయాయి. ముందు వచ్చినవాళ్ళకు ముందు అనే పద్ధతి. ఆ రాష్ట్రంలో కాగితాలు లేనివాళ్ళు 20 లక్షలకు పైగా ఉన్నారు. లక్షా 50 వేలు అంటే వందలో ఎనిమిదిమంది కూడా కాదు. మిగతావాళ్ళు ఫోను ఎంగేజ్ శబ్దం విని పెట్టేశారు.

న్యూయార్కులో దారి వేరు. అక్కడ కార్మికులు, ముఖ్యంగా ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, సైకిళ్ళ మీద తిండి చేరవేసేవాళ్ళు, ఏడాదిపాటు ఆందోళన చేశారు. 2021 వసంతంలో 23 రోజులు నిరాహారదీక్ష చేశారు. ఏప్రిల్‌లో రాష్ట్రం 210 కోట్ల డాలర్లతో ‘మినహాయింపబడిన కార్మికుల నిధి’ పెట్టింది. పై తరగతికి 15,600 డాలర్లు, కింది తరగతికి 3,200. 15,600 అంటే వారానికి 300 చొప్పున ఏడాది మొత్తానికి. మిగతా కార్మికులకు నిరుద్యోగ భృతి ఉంది కదా, దానికి దీటుగా అన్నమాట. దరఖాస్తుదారుల వివరాలు కోర్టు ఆజ్ఞ లేకుండా వలసల శాఖకు ఇవ్వకూడదని చట్టంలోనే రాశారు.

కానీ ఇక్కడ కాగితం మళ్ళీ అడ్డం వచ్చింది. ఎవరో, ఎక్కడ ఉంటున్నారో, ఎక్కడ పనిచేశారో మూడింటికీ రుజువులు కావాలి, వాటికి మార్కులు. ఐటిన్ మీద పన్ను కట్టినవాళ్ళకు సులువు. నగదు కూలి తీసుకునే పనిమనిషి యజమానురాలి దగ్గర ఉత్తరం తేవాలి. ఆమె ఇస్తుందా? తాను పన్ను కట్టకుండా పని చేయించుకున్నానని ఆమే రాసిచ్చినట్టు అవుతుంది కదా. ఆగస్టు 1న తెరిచిన నిధికి అక్టోబరు 8న తలుపు మూశారు. సుమారు లక్షా 30 వేలమందికి అందింది. వాళ్ళ బతుకుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఆలస్యంగా తెలిసినవాళ్ళకు, ఉత్తరం దొరకనివాళ్ళకు ఏమీ లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఊరి నిధిలో నమ్మకం ఎక్కువ, డబ్బు తక్కువ. ప్రభుత్వ నిధిలో డబ్బు ఎక్కువ, రుజువులు ఎక్కువ. కాలిఫోర్నియా పథకం డబ్బును ఒకరి దగ్గర, పేర్లను ఇంకొకరి దగ్గర పెట్టి ఈ రెంటినీ కలపాలని చూసింది. తలకు 500 డాలర్లు అక్కడ ఒక నెల అద్దెకు కూడా చాలవు, అది నిజం. కానీ ఆ పద్ధతి గొప్పదని నా అభిప్రాయం.

‘చట్టం తప్పినవాళ్ళకు ఎందుకివ్వాలి?’ అని మీలో కొందరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఎవరు దేశంలో ఉండాలో తేల్చడం ఒక పని. మహమ్మారిలో ఎవరూ పస్తు పడుకోకుండా చూడడం ఇంకో పని. మొదటి పనికి కోర్టులున్నాయి, ఏళ్ళు పడుతుంది. రెండో పనికి రేపటి పొద్దున దాకానే సమయం ఉంది. పైగా జ్వరంతో ఉన్న మనిషి అద్దె కోసం పనికి వెళితే ఆ జ్వరం నంబరు చూసి అంటుకోదు.

చర్చ కోసం మూడు ప్రశ్నలు వదులుతున్నాను. జవాబులు కింద ఉన్న ఖాళీ కాగితం మీద రాయండి, మేడమ్‌గార్లను కూడా రాయమని కోరుతున్నాను.

ఒకటి: మన కాలేజీలోనే ఒక సహాయనిధి పెడితే, అందుకున్న అమ్మాయి పేరు నోటీసు బోర్డు మీద వెయ్యాలా?

రెండు: అవసరంలో ఉన్నామని రుజువు చూపించమంటే, కాగితం కాకుండా ఇంకేం చాలు అనుకోవచ్చు?

మూడు: ‘కాగితాలు లేనివాళ్ళు’ కంటే మంచి తెలుగు మాట మీకు తడుతుందా? తడితే చెప్పండి. వచ్చే సంచికలో అదే వాడుకుందాం.